లీటరా, లీటరున్నరా?

జూన్ 14, శుక్రవారం
మన స్కూలు ఆఫీసు గది
మధ్యాహ్నం రెండు గంటలు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. పెద్దదాన్ని కాబట్టి ఆశీస్సులతో మొదలుపెట్టక తప్పదు, అంతకు మించి ఆశపడకు. నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని మీ ఆవిడ చెప్పింది. మూడు వారాలుగా అత్తగారింట్లో అలిగి కూర్చుని వేళకింత తింటున్నవాడు కులాసాగా కాక ఎలా ఉంటాడు? పాతికేళ్లవాడు అలిగితే కొత్తల్లుడు కదా అని సరిపెట్టుకుంటారు. నలభై మూడేళ్లవాడు అలిగితే ఏమనుకుంటారో మీ మామగారినే అడిగి తెలుసుకో.

నువ్వు పంపిన కవరు నిన్న పొద్దున మరదలు తెచ్చిచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు పాపం. గుమ్మంలోనే నిలబడి పాఠం అప్పజెప్పినట్టు అంతా అప్పజెప్పింది. రెండు బండ్ల కాగితాలూ చూడమన్నావట. నీ ఓటు పెద్ద ఇంజనుకేనట. షోరూం వాళ్లు మనకోసం ఆ బండిని సోమవారం దాకానే ఆపుతారట. ఆ రోజు నేను సంతకం పెట్టకపోతే అక్కాతమ్ముళ్ల డ్రైవింగ్ స్కూలు అన్న బోర్డులోంచి తమ్ముణ్ణి చెరిపించుకుని నీ దారి నువ్వు చూసుకుంటావట. చెరిపించు. పెయింటరు నంబరు ఫోను పక్కన గోడ మీదే రాసి ఉంది. నువ్వు పోయాక మిగిలేది అక్క డ్రైవింగ్ స్కూలు. వినడానికి అదే బాగుంది.

పాత బండి మార్చాలన్నదాంట్లో గొడవేమీ లేదు. రేకుల కొట్టు గోడని గుద్దుకున్నప్పటి నుంచీ దాని మొహం నేనూ చూడలేకపోతున్నాను. కొత్తది అదే కంపెనీ, అదే బండి, అదే తెలుపు. తేడా అల్లా ఇంజను దగ్గరే. ఒకటి లీటరు, ఒకటి లీటరున్నర. ఆ అరలీటరు కోసం అక్కా తమ్ముడూ మాటలు మానేశారంటే, పాల దగ్గర తగువు పడ్డారనుకుంటారు చుట్టుపక్కలవాళ్లు.

నీకు ఇంజను విప్పడం తెలుసు, బిగించడం తెలుసు. నేర్చుకునేవాడి పక్కన కూర్చోవడం తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఆ పక్క సీటులో కూర్చున్నదాన్ని నేను. కొత్తవాళ్లు క్లచ్చు ఠపీమని వదిలేస్తే చిన్న ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. వెనకవాడు హారను కొడతాడు, స్టీరింగు పట్టుకున్న మనిషికి సిగ్గేస్తుంది. సగం పాఠం ఆ సిగ్గులోనే ఉంది. మొన్న కొత్తగా చేరిన నర్సు గోడౌన్ల వెనక ఒకే మలుపు దగ్గర పదకొండుసార్లు బండి ఆపేసింది. పన్నెండోసారి నెమ్మదిగా కదిలింది. అప్పుడు ఆ పిల్ల మొహం నువ్వు చూసి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేకపోయేది. పెద్ద ఇంజను ఆగదు. తప్పు చేసినా ముందుకు దూకుతుంది. తప్పు చేసినా నడిచిపోతుందని నేర్పడానికి స్కూలెందుకు? రోడ్డు చాలు.

నీకు పెద్దది ఎందుకు కావాలో నాకు తెలియదనుకోకు. ఎదుటి వీధి స్కూలువాడు పెద్ద బండి దించాడు. దాని మీద ఎర్ర గీతలు కూడా వేయించాడు. అప్పటి నుంచీ నీకు కడుపులో మంట. చిన్నప్పుడు పక్కింటివాడి సైకిలుకి గేర్లున్నాయని నీ సైకిలు ఎక్కడం మానేసి నెల రోజులు నడిచి బడికెళ్లావు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? మెట్ట మీద రోడ్డు ఎక్కేటప్పుడు లారీని దాటాలి, అందరూ చూడాలి, అంతేగా. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఉన్న బండికి బ్రేకు సరిగ్గా బిగించలేనివాడికి లీటరున్నర కావలసి వచ్చింది.

అన్నాను. బాధపడితే పడు. ఫిబ్రవరిలో ఏం జరిగిందో నువ్వు మర్చిపోయినట్టున్నావు కాబట్టి మళ్లీ రాస్తాను. పక్క సీటులో నా కాళ్ల దగ్గర బిగించిన బ్రేకు, క్లచ్చు పెడళ్ల కేబుళ్లు చూసుకోవడం నీ పని. పాఠాలు మొదలయ్యే ముందు నువ్వు తల లోపలికి దూర్చి, రెండు కేబుళ్లూ లాగి చూసి, సరిగ్గా ఉంటే డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో అడ్డగీత గీస్తావు. గీత లేనిదే నేను బండెక్కేదాన్ని కాదు. స్కూలు తెరిచిన రోజున మనిద్దరం పెట్టుకున్న పద్ధతి అది. ఆ రోజూ గీత ఉంది. టైలరమ్మకి అది నాలుగో పాఠం. రేకుల కొట్టు మలుపులో కుక్క అడ్డమొస్తే బెదిరి, బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కేసింది. నా బ్రేకు పట్టలేదు. గోడ ఆపింది బండిని. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టుకుని బతికే మనిషి ఆరు వారాలు కట్టుతో కూర్చుంది. ఇప్పటికీ మందం గుడ్డ కత్తిరించాలంటే ఎడమ చెయ్యి సాయం పెట్టుకుంటోందట.

బ్రేకు పట్టలేదన్నానే గానీ నేను నీ పేరెత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నువ్వే. ఆవిడ భర్త వచ్చి పట్టపగలు నడివీధిలో నిన్ను నానా మాటలూ అంటుంటే తల వంచుకుని నిలబడ్డావు. మూడుసార్లు చేతులు జోడించావు. తప్పు లేనివాడు అలా నిలబడతాడా? ఆ తర్వాతైనా కుదురుగా ఉన్నావా అంటే అదీ లేదు. ఆ కేబులు విప్పి, సంచిలో వేసుకుని, కనిపించిన ప్రతి మెకానిక్కుకీ చూపిస్తూ తిరిగావు. వాళ్లంతా బాగానే ఉందన్నారని నాతో చెప్పడానికి వచ్చావు, నేను వినిపించుకోలేదు. బాగున్న కేబులైతే బ్రేకు ఎందుకు పట్టదని అడిగాను. ఆ రోజే కదా నువ్వు తలుపు విసురుగా వేసి వెళ్లిపోయింది. గొళ్లెం ఊడింది, ఇంకా అలాగే వేలాడుతోంది.

పైగా నా మీద ఆరాలు. నాలుగు నెలలుగా అందరినీ గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలోనే తిప్పుతున్నానని, రోడ్డెక్కించడం లేదని, అందుకే పిల్లలు ఎదుటి స్కూలుకి పోతున్నారని మరదలితో అన్నావట. పునాది గట్టిపడనీ అని నేననుకుంటున్నాను, నీకేం? నా బూట్ల సంగతి కూడా నీకే కావాలి. ఇన్నేళ్లూ చెప్పులు విప్పి వట్టి కాలే పెడల్ మీద పెట్టేదాన్నని, అవతలి మనిషి బ్రేకు తాకితే నా అరికాలికి తెలిసిపోయేదని, ఇప్పుడీ కాన్వాసు బూట్లేమిటని మరదలిచేత అడిగించావు. నేల చల్లగా ఉంటోంది, వేసుకున్నాను. యాభై దాటిన ఆడదాని కాళ్లకి ఏముందో చూడటం మానేసి నీ పానాల సంగతి నువ్వు చూసుకో. అసలు పదమూడో నంబరు పానా నెల రోజులుగా కనిపించడం లేదు.

ఇదీ నా మాట. సోమవారం పదింటికి షోరూంకి వస్తాను. లీటరు బండి కాగితాలైతే సంతకం పెడతాను. లీటరున్నరవైతే పెన్ను మూత కూడా తీయను. బోర్డు సంగతి ఆ తర్వాత నీ ఇష్టం.

ఇట్లు,
నీ పుణ్యాన ఒంటి చేత్తో స్కూలు లాక్కొస్తున్న
మీ అక్క

తా.క. సాయంత్రం ఆరు కావస్తోంది. ఉత్తరం మడిచి, నీ కాగితాలు నీ మొహానే కొడదామని వాటినీ ఈ కవరులోనే పెట్టబోయాను. నిన్నటి నుంచీ పై పేజీలో బండి బొమ్మ తప్ప నేనేమీ చూడలేదు. లోపలి పేజీలో రెండు బండ్ల వివరాలూ పక్కపక్కన వేసిన పట్టీ ఉంది. నువ్వు గీతలు గీసి ఉంటావని తెలుసు. వేగం దగ్గర గీసి ఉంటావనుకున్నాను. అక్కడ లేదు. బలం దగ్గరా లేదు. కాగితం చిరిగేలా మూడుసార్లు ఒకే వరస కింద గీశావు. లీటరున్నర బండికి నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, లీటరు బండికి వెనక పాత రకం డ్రమ్ములే. పక్కన నీ కోడిగీతలు. అక్క వైపు కేబులు సగమే పట్టినా ఇది ఆగుతుంది, అని.

నర్సు పాఠానికి వచ్చి బయట నిలబడింది. ఇవాళ లేదమ్మా అని పంపేశాను.

నీ కేబులు వదులు కాలేదురా. ఏనాడూ కాలేదు. వాళ్లంతా నీకు చెప్పింది నిజమే. ఆ రోజు నేను బ్రేకు తొక్కాననే అనుకున్నాను. గోడ తగిలాక కిందికి చూస్తే నా కాలు పెడల్ పక్కన, ఉట్టి నేల మీద ఉంది. శక్తంతా పెట్టి నేలని తొక్కుతున్నాను. షుగరు అరికాళ్లకి దిగిందని, స్పర్శ పోతోందని, పెడల్ మీద పని మానేయమని డాక్టరమ్మ జనవరిలోనే చెప్పింది. ఈ నెలొక్కటీ కానీ అనుకున్నాను. ఈ సీటు దిగిపోతే నేనెవరినో నాకే తెలియదు, అందుకని అనుకున్నాను. బూట్లు చలికి కాదు. బూటైతే అడుగు బిరుసుగా ఉండి, పెడల్ మీద ఉన్నానో లేదో మోకాలికైనా తెలుస్తుందని.

టైలరమ్మ వాళ్లాయన నిన్ను తిడుతున్నప్పుడు నేను ఈ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు, దిగి వచ్చి చెప్పి ఉంటే అయిపోయేది. రాలేదు. తర్వాత నీ మొహం చూడలేక నీ మీద అరవడం మొదలుపెట్టాను. అరిచినకొద్దీ అది అలవాటైపోయింది. సిగ్గుగా ఉంది తమ్ముడూ. నిన్ను ఎత్తుకు తిప్పిన చేతులతోనే ఈ పని చేశాను.

చిన్న ఇంజను కావాలని నేను మొండికేసింది పాఠం కోసం కూడా కాదు. చిన్నదైతే తనంతట తనే ఆగిపోతుంది. నేను ఆపలేకపోయినా అది ఆగుతుందని. నువ్వు నీ కేబులుకి భయపడి పెద్దది అన్నావు, నేను నా కాలికి భయపడి చిన్నది అన్నాను. నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు.

పైన రాసినదంతా చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఈ నాలుగు నెలలూ నేను నీతో ఎలా మాట్లాడానో నీ దగ్గర రాతపూర్వకంగా ఉండాలి. మరదలు రేపు పొద్దున వస్తానంది, ఈ కవరు తన చేతికే ఇస్తాను. ఇచ్చేసి టైలరమ్మ ఇంటికి వెళ్తున్నాను. ఆవిడకీ ఆయనకీ నేనే చెబుతాను. ఆయన నన్ను వీధిలో నిలబెట్టి తిట్టాలనుకుంటే తిట్టనీ, నువ్వు పరిగెత్తుకుని వచ్చి అడ్డుపడకు.

పాత బండి తాళం కవరు అడుగున ఉంది, చూసుకో. సోమవారం నీకు నచ్చింది తీసుకో. ఏ కాగితమైనా సంతకం పెడతాను. పాఠానికి మాత్రం లీటరే మంచిదని ఇప్పటికీ అంటాను, అది వేరే సంగతి. షోరూంవాళ్లకి ఒక్కటి గుర్తుగా చెప్పు. పక్క సీటు పెడళ్లు బిగించేటప్పుడు నా కొలత చూడొద్దని. నీ కాళ్లు నాకన్నా పొడుగు.