కాలిన ఆయిలు

చిట్టికి,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాలు మాత్రం మెట్లు చూడగానే మొరాయిస్తోంది. బాబుకి ఇంకో పన్ను వచ్చిందని రాశావు కదా, ఆ ముక్క అమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. గేరు 'డి'లో పెట్టాక కారు కాసేపు ఆగి, కుదుపుతో కదులుతోందన్నావు. కొండదారిలో ఇంజను అరుస్తున్నా వేగం అందుకోవడం లేదన్నావు. రెండూ మంచివి కావు. గేర్‌బాక్సు లోపల పట్టు జారుతోందన్నమాట. ఆటోమేటిక్ బండికి ఆయిలే ప్రాణం. అది తగ్గినా, కాలినా మొదట ఇలాగే సతాయిస్తుంది. తర్వాత ఏదో ఒక మలుపులో మొండికేస్తుంది. రివర్సు నుంచి 'డి'కి మార్చే ముందు బండి పూర్తిగా ఆగాలని, ఎత్తులో హ్యాండ్‌బ్రేకు వేశాకే పార్కింగు గేరు 'పి'కి మార్చాలని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అన్నీ పాటిస్తున్నానని రాశావు. నమ్ముతున్నాను. తప్పు నీ నడపడంలో లేదు.

నిన్న ఫోన్లో బండి తియ్యొద్దని కసిరి పెట్టేశాను. చిన్నబుచ్చుకుని ఉంటావు. పక్కన అమ్మ ఉంది, అసలు సంగతి నోరు దాటి రాలేదు.

ఈమధ్య ఒక టాక్సీ డ్రైవరు మన షెడ్డుకి వచ్చాడు. ఇంజను వేడెక్కాక గేర్‌బాక్సు ఆయిలు తెల్లగుడ్డ మీద అద్ది చూశాను. రంగు ముదిరింది. పాతబడితే ముదరడం మామూలే, కాలిందో లేదో వాసనే చెప్పాలి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఏమీ లేదు. పరవాలేదు, తీసుకెళ్ళమన్నాను. అంతలో పక్కషాపు వెల్డరు వచ్చి, "ఏంటన్నా, ఏదో మాడిన వాసనేస్తోంది?" అన్నాడు. నా చేతిలో గుడ్డ చూసి, వాసన పట్టి మొహం తిప్పుకున్నాడు. టాక్సీని ఆపేశాను.

చిట్టీ, నాకు వాసన తెలియడం లేదు. ఆమధ్య జ్వరం తగ్గినప్పటి నుంచీ ఇంతే. అమ్మకి కూడా చెప్పలేదు. జీవితమంతా ముక్కుతోనే గేర్‌బాక్సులు బాగుచేసినవాణ్ణి, ఏమని చెప్పుకోను? అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. తన వంటకి వంక పెడుతున్నానని అమ్మ అలిగింది.

పోయిన నెల మీరు వచ్చినప్పుడు నీ బండి ఆయిలు కూడా చూశాను. నీళ్ళను వాసన చూసినట్టే ఉంది. నాకు తెలియడం లేదని అప్పుడే చెప్పాల్సింది. అల్లుడుగారు పక్కనే నిలబడి, "మామయ్య ముక్కు ఉండగా కంప్యూటరు దేనికి?" అన్నారు. ఆ మాటకి ఉబ్బిపోయాను.

"భేషుగ్గా ఉంది, బయల్దేరండి" అన్నాను.

బాబును వెనకసీట్లో బెల్టు కట్టి కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయారు. అప్పటినుంచీ ఆ కొండదారిలో రోజూ వాణ్ణి తిప్పుతున్నావు. తలుచుకుంటే సిగ్గు కంటే ముందు భయమేస్తోంది.

బండిని షెడ్డుకి నడుపుకుంటూ వెళ్ళకు, లారీ మీద ఎక్కించి పంపు. అక్కడి మెకానిక్కుని ఇంజను వేడి మీద ఆయిలు చూడమను, కంప్యూటరు పెట్టి కూడా పరీక్షించమను. ఇంకొక్క మాట. ఏ షెడ్డుకి వెళ్ళినా, "మా నాన్న చూశారు, బాగుందన్నారు" అని గర్వంగా చెబుతావు. ఈసారి చెప్పకు తల్లీ. అది నమ్మి అతను సరిగ్గా చూడకుండా వదిలేస్తాడు.

ఇట్లు,
మీ నాన్న