మా ఇంట్లో తలుపేనండీ

ఆదివారం, మధ్యాహ్నం

ఇదిగో,

ఇలా పిలిస్తేనే నువ్వు పలుకుతావు కాబట్టి ఉత్తరం కూడా ఇలాగే మొదలుపెడుతున్నాను. ఫోన్లో నువ్వు "ఏంటి సంగతులు?" అంటే నేను "ఏం లేదు" అంటాను. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళూ అదే జవాబు. ఇప్పుడు మాత్రం ఒక సంగతి ఉంది. నోటితో చెప్పడం నా వల్ల కాదు. మీ చెల్లెలి పసిపిల్ల నిద్రపోయాక, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

నీకొక ఉత్తరం వచ్చింది. వచ్చి పన్నెండు రోజులైంది. దుకాణంలో ఉలుల పెట్టె అడుగున దాచాను. మొన్న నువ్వు "నాకేమైనా ఉత్తరాలొచ్చాయా?" అని అడిగితే "ఏం రాలేదు" అన్నాను. అది అబద్ధం.

కవరు మీద "తలుపు పాట పాడిన అమ్మకు, వడ్రంగి దుకాణం, హాలు వెనక వీధి" అని ఉంది. ఎవరు రాశారో విప్పకముందే తెలిసింది. క్యాసెట్ అట్టల మీద ఆ చేతిరాతలో సంతకం చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గాయని పాట కోసం తిరిగినవాణ్ణి నేను. ఉత్తరం మాత్రం నీకు వచ్చింది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఆమెను నేను మొదటిసారి చూసింది వేదిక కింది నుంచి. హాల్లో వేదిక మీద ఒక పలక కిర్రుమంటోందని మేనేజరు పిలిపిస్తే కిందికి దూరి మేకులు కొడుతున్నాను. ఇంతలో కచేరీ మొదలైపోయింది. బయటికి వస్తే జనం చూస్తారని అక్కడే ఉండిపోయాను. పలకల సందులోంచి ఆమె పాదాలు కనిపించాయి. పై స్వరం అందుకునే ముందు ఆమె కుడి మడమ కొంచెం పైకి లేస్తుంది. హాల్లో ఉన్న ఎనిమిది వందల మందీ ఆమె గొంతు విన్నారు, ఆ మడమ చూసింది మాత్రం నేనొక్కణ్ణే. ఆ రోజు నుంచి ఆమె మీద నాకేదో హక్కు ఉన్నట్టు అనుకున్నాను. ఎంత పిచ్చో చూడు.

తర్వాత ముప్పై నాలుగు కచేరీలు చూశాను. నా రోజువారీ పుస్తకం నీకు తెలుసు కదా, ఏ ద్వారబంధం ఎంత ఎత్తు, ఏ చెక్క ఎవరింటికి అని రాసుకునేది. దాని వెనక పేజీల్లో కచేరీలు రాసేవాణ్ణి. ఏ పాట తర్వాత ఏ పాట పాడింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ నవ్వింది. ఒకసారి వానకు కరెంటు పోయి మైకు ఆగిపోయింది. ఆమె మైకు పక్కన పెట్టేసి వేదిక అంచుకు వచ్చి ఉత్త గొంతుతో పాడింది. వెనకవాళ్ళు "వినపడట్లా" అని అరిచారు. మూడో వరసలో నాకు వినపడింది. వెనకవాళ్ళకు వినపడనందుకు లోలోపల సంతోషించాను కూడా.

ఇక మొన్నటి కచేరీ. నువ్వు ఎన్నడూ లేంది "నేనూ వస్తానండీ" అన్నావు. పక్కపక్క సీట్లు దొరకలేదు. మొదటి వరసలోది నీకిచ్చి నేను వెనక కూర్చున్నాను. గుర్తు పెట్టుకో, ఆ సీటు నేనిచ్చిందే. నేను ఇంట్లో ఎప్పుడూ పాడుకునే ఆ పాట పాడుతూ ఆమె మధ్యలో ఆగి మైకు జనం వైపు చాచింది. హాలంతా "నీ తలపే నాకు నీడ" అంది. నువ్వొక్కదానివి గొంతెత్తి "నీ తలుపే నాకు నీడ" అన్నావు.

ఆమె ఆగిపోయింది. "ఏమ్మా, ఏమన్నావ్? మళ్ళీ అను."

"నీ తలుపే నాకు నీడ."

"తలపు కదమ్మా?"

"మా ఇంట్లో తలుపేనండీ."

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "ఎండన పడి వచ్చినవాడికి తలపు కంటే తలుపే నయం. ఇవాళ మీ ఇంటి పాటే పాడతాను" అని ఆ ఒక్క మాటనే అయిదు రకాలుగా తిప్పి తిప్పి పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను లేవలేదు. ఆ మాట నాది. చిత్రిక పడుతూ, రంపం చప్పుడులో రేడియో విని నేర్చుకున్న పాట అది. పొద్దస్తమానం తలుపులు చేసేవాడికి తలుపు కాక ఇంకేం వినిపిస్తుంది? ఇన్నేళ్ళూ తప్పు పాడుతున్నానని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. తప్పు నాది, చప్పట్లు నీకు.

కచేరీ అయ్యాక ఆమె నిన్ను లోపలికి పిలిపించింది. నేను నీ చేతిసంచీ పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను. కాపలా అతను "అభిమానుల్ని పంపరండీ" అన్నాడు. "ఆవిడ భర్తనయ్యా" అన్నాను. "ఏ ఆవిడ? పాడే ఆవిడా, తలుపావిడా?" అన్నాడు. నువ్వు ఇరవై నిమిషాలకు బయటికి వచ్చి "మంచి మనిషండీ, పాపం మోకాళ్ళ నొప్పులట" అన్నావు. ఏం మాట్లాడిందని అడిగాను. "ఏం లేదు" అన్నావు. నా మాట నాకే అప్పజెప్పావు. ఇంటి దాకా ఆ సంచీ నీకు ఇవ్వకుండా మోశాను. అది ప్రేమ అనుకున్నావేమో. కుళ్ళు. ఒళ్ళంతా కుళ్ళు.

ఆమె ఉత్తరంలో ఏముందంటే, వచ్చే నెల ఏడో తారీఖు సాయంత్రం ఇదే హాల్లో పాడుతుందట. ఆ తర్వాత పెద్ద కచేరీలు మానేస్తుందట. ఆ పాటప్పుడు నువ్వు వేదిక మీద ఆమె పక్కన కూర్చోవాలట. ఆ మాట నీ నోటి నుంచే రావాలట. అది చదివి ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు నీ పేరు పెట్టి నేనే జవాబు రాశాను, "ఊళ్ళో లేను, రాలేను, క్షమించండి" అని. స్టాంపు కూడా అంటించి పోస్టుడబ్బా దాకా వెళ్ళాను. డబ్బా నోట్లో సగం పెట్టి వెనక్కి లాగాను. అప్పటికీ బుద్ధి రాలేదు, దాన్ని చింపకుండా జేబులోనే ఉంచుకుని తిరిగాను.

నిన్న చివరి వీధి టీచరమ్మ ఇంట్లో తలుపు బిగించబోతే నాలుగు వేళ్ళంత పొట్టిగా వచ్చింది. నా చేతిలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని "ఏంటయ్యా, తలుపు చెయ్యమంటే కిటికీ చేసుకొచ్చావు?" అంది. సరిగ్గా కొలిచాను, సరిగ్గా రాసుకున్నాను, కోసేటప్పుడు మాత్రం మనసు నీ మీద పడి ఏడుస్తోంది. దుకాణానికి వచ్చి ఆ దొంగ జవాబు చింపేశాను.

ఆమె ఉత్తరం దీంతో పాటు పంపుతున్నాను. వెళ్ళమని నోరారా అనలేను. వెళ్ళొద్దని అనను.

నీ
ఏవండీ

*

గురువారం

ఏవండీ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

ఉత్తరాలొచ్చాయా అని నేను ఊరికే అడిగాననుకున్నారా? రాస్తానని ఆవిడ ఆ రోజే చెప్పింది. మీరు దాస్తారని కూడా నాకు తెలుసు. ఎన్నాళ్ళు దాస్తారో చూద్దామని ఊరుకున్నాను. పన్నెండు రోజులు. నేను వారం అనుకున్నాను.

మీరు కుళ్ళు గురించి నాకు చెబుతున్నారా? పందొమ్మిదేళ్ళుగా పాడే సవతితో కాపురం చేశాను. మీ పుస్తకం వెనక పేజీలు నేను చదవలేదనుకున్నారు. అన్నీ చదివాను. ఒక పేజీ నాకు కంఠతా వచ్చు. "ఆమె గొంతు బొంగురుగా ఉంది. మూడో పాటకే అలిసిపోయింది. ఎవరైనా వేడి నీళ్ళిచ్చి ఉంటే బాగుండును." ఆ వారమంతా నాకు నూట మూడు జ్వరం. వేడి నీళ్ళు మీరే కాచి ఇచ్చారు, కాదనను. కానీ రాసింది మాత్రం ఆవిడ గొంతు గురించి. నా గురించి ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఒక్కచోట ఉంది. "వంటింటి అలమర, దీని ఎత్తుకు అందేట్టు." దీని ఎత్తుకు! మీకు ఆవిడ మడమ కూడా తెలుసు. నేను అలమర ఎత్తు.

అందుకే మొన్న వస్తానన్నాను. సవతి మొహం దగ్గర్నుంచి చూద్దామని. పాట బాగానే పాడింది. నిజం చెప్పొద్దూ, ఏడుపు కూడా వచ్చింది. అది తలపు అని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. మా చెల్లి చెప్పింది, "బావ తప్పు పాడుతున్నాడే, చెప్పవే" అని. నేను చెప్పలేదు. ఈ ఇంట్లో మీరు నోరు విప్పేది ఆ ఒక్క పాటకే. దిద్దితే అదీ మానేస్తారని భయం. ఆ సాయంత్రం ఆవిడ మైకు చాచినప్పుడు కావాలనే గట్టిగా అన్నాను. పాట నీది కావచ్చు తల్లీ, ఈ మాట మాత్రం మా ఇంటిది, దీని మీద చెయ్యెయ్యకు అని చెప్పడానికి. ఆవిడేమో నెత్తిన పెట్టుకుంది. మనిషి మంచిదైతే ఎంత ఇబ్బందో చూశారా, తిట్టుకోవడానికి కూడా లేదు.

ఏడో తారీఖున వస్తాను. కచేరీ చూసుకుని మర్నాడు పొద్దున్న బస్సుకి తిరిగి వెళ్ళిపోతాను. చెల్లి ఇంకో మూడు నెలలు ఉండమంటోంది. ఉందామనే అనుకుంటున్నాను. ఇక్కడ నేను గదిలోకి వస్తే నలుగురూ తలెత్తి చూస్తారు. అది నాకు అలవాటు లేదు. బాగుంది.

మీరు మీ మూడో వరసలోనే కూర్చోండి.

మీ
ఇదిగో

*

తొమ్మిదో తారీఖు, పొద్దున్న

ఇదిగో,

బస్సు దగ్గర చెప్పాలనుకున్నాను. నువ్వు కిటికీ అద్దం దించావు, నేను "జాగ్రత్త" అన్నాను, బస్సు వెళ్ళిపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నువ్వు వేదిక ఎక్కావు. ఆమె పక్కన, నా ఇరవై రెండేళ్ళ పక్కన, నువ్వు కొంగు సర్దుకుని కూర్చున్నావు. పాట ఆ మాట దాకా వచ్చింది. ఆమె మైకు నీకిచ్చింది. నువ్వు పాడలేదు. "ఇది నా మాట కాదండీ. అదిగో, మూడో వరసలో తల దించుకుని కూర్చున్నారే, ఆయనది. వడ్రంగి. ఆయన తప్పు విన్నారు, నేను సరిదిద్దలేదు. అంతే కథ" అన్నావు.

హాలంతా నా వైపు తిరిగింది. ఆమె కూడా లేచి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. నన్నే చూసింది. "మీరేనా? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అంది. నిలబడ్డాను. చేతులు జోడించాను. నువ్వు మైకులో అందుకున్నావు, "ఆయన మాట్లాడరండీ, రాస్తారంతే." జనం ఒకటే నవ్వు. ఆమె నవ్వుతూ "అయితే నాకో ఉత్తరం రాయండి. ఎదురు చూస్తాను" అంది.

ఆ చూపు కోసం ముప్పై అయిదు కచేరీలు కూర్చున్నాను. తీరా వచ్చినప్పుడు నేను ఆమెను చూడలేదు. నిన్ను చూస్తున్నాను. "ఎదురు చూస్తాను" అనగానే నీ నవ్వు ఆగింది. ముక్కుపుటాలు అదిరాయి. మైకు రెండు చేతులతో బిగించి పట్టుకున్నావు, ఎవరో లాక్కుంటారన్నట్టు. తర్వాత ఆమె పాడింది, ఏం పాడిందో నాకు తెలియదు. పుస్తకంలో ఆ రోజు పేజీలో పాటల వరస లేదు. "ఆకుపచ్చ చీర. ఎడమ చెవి పక్కన మూడు తెల్ల వెంట్రుకలు, ఎప్పుడొచ్చాయో చూసుకోలేదు. కోపం వస్తే ముక్కు అదురుతుంది" అని ఉంది. ఇది ఆమె గురించి కాదు.

ఇంటి దాకా నువ్వు నాకంటే నాలుగడుగులు ముందే నడిచావు. నేను తాళం తీస్తుంటే, నా వైపు చూడకుండా, "రాస్తారా ఆవిడకి?" అన్నావు. నన్ను చూసి ఒకరు అంతగా కుళ్ళుకుంటారని నాకు ఈ వయసులో తెలిసింది. ఎంత సంతోషమైందంటే, అది బయటపడకుండా తాళం ఇంకోసారి వేసి తీశాను.

మూడు నెలలు ఉంటానన్నావు. ఉండు, వద్దనను. నువ్వు అడిగినదానికి జవాబు మాత్రం ఉత్తరంలో రాయను, ఫోన్లోనూ చెప్పను.

కావాలంటే ఇంటికి వచ్చి అడుగు.

నీ
ఏవండీ