రెండో డబ్బా పురుగుల నిద్ర

హైదరాబాద్, డిసెంబర్ 12, 2022

బాపుకు బిడ్డ తిరుమల నమస్కారాలు.

పురుగుల సంగతి ఫోన్‌లో అడిగితే "మంచిగున్నయ్ బిడ్డా" అని పెట్టేస్తున్నావు. మా సారుకు లెక్క కాగితం మీద కావాలి. అందుకే ఈ ఉత్తరం.

కాలేజీలో జాగా లేక ఇంట్లో వదిలి వచ్చిన పత్తికాయలను తొలిచే గులాబీ రంగు పురుగుల డబ్బాలు రెండూ జాగ్రత్త. మొదటిదానికి రాత్రి తొమ్మిది దాకా బల్బు వెలగాలి. రెండోదాన్ని చల్లగా ఉంచి, పొద్దుగూకగానే నల్లగుడ్డ కప్పాలి. పగలు తగ్గి చలి పెరిగితే పురుగు రెక్కలు తొడగకుండా నిద్రపోతుంది. ఆ నిద్ర చూపిస్తేనే నేను పాసయ్యేది.

నీ బిడ్డ,
తిరుమల

తా.క. అవి పెంపుడు పురుగులు కావని అవ్వకు చెప్పు. పేర్లు పెట్టొద్దు.

కేతేపల్లి, డిసెంబర్ 17

బిడ్డ తిరుమలకు బాపు గుర్వయ్య దీవెనలు.

నేను చెప్తాంటే అంజన్న రాస్తున్నడు. రెండో డబ్బల పురుగులు చలికి ముడుసుకున్నయని మీ అవ్వ ఒకటే ఏడుపు. "పసివాటిని గిట్ల సంపుతదా నా మనుమరాలు" అని పొయ్యి పక్కన పెట్టింది. ఇప్పుడు మంచిగ తిరుగుతున్నయ్. ఫికర్ చెయ్యకు.

ఇట్లు,
బాపు

తా.క. నేను పురుగుమందుల దుకాణం అంజన్నను. ఊరంత ఆ పురుగును సంపనీకె నా దగ్గరికొస్తాంటే, మీ ఇంట్ల దానికి చలి కాపుతున్నరు. నా గిరాకీ ఏంగావాలె?

హైదరాబాద్, డిసెంబర్ 20

బాపూ,

నా కొంప ముంచారు! వెచ్చగా ఉంటే అవి నిద్రపోవు. మన చేన్లో పుచ్చిన పత్తికాయలు ఏరి, చిన్న పురుగులు ఇరవై తీసి మళ్లీ పెట్టు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని జాగాలో ఉంచు. దాని దగ్గర బల్బు వెయ్యొద్దు.

కంగారుతో,
తిరుమల

తా.క. అంజన్న మామా, మందు చేతపట్టుకుని మా గడప తొక్కొద్దు.

కేతేపల్లి, జనవరి 18, 2023

బిడ్డా,

కొత్తయి పెట్టిన. ఇంట్ల ముందటి అర్రల బండల మీద ఉంచిన, గంత సల్లటి జాగ ఇంకోటి లేదు. బల్బు ఎయ్యలే, ఒట్టు. అయినా నిద్రపోలే. ఇరవైల పదిహేడు రెక్కలొచ్చి లేసినయ్. మీ సారు సదివిందే తప్పేమో, జర అడుగు.

ఇట్లు,
బాపు

తా.క. మీ బాపు చెప్పంది అంజన్న చెప్తడు. ముందటర్రల టీవీ ఉన్నది. పొద్దుగూకంగనే అవ్వ గుడ్డ తీసి డబ్బాను టీవీ ముంగట పెడతది. "ఒక్కదాన్నే చూస్తే మజా రాదు, అవి గూడ చూడనియ్" అంటది. పది దాకా సీరియళ్లే. ఎట్ల నిద్రపోతయ్?

హైదరాబాద్, జనవరి 23

బాపూ, అవ్వకు నమస్కారాలు.

ఇక ఫెయిలే అనుకుని మీ ఉత్తరం తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. మూడుసార్లు చదివారు. నవ్వలేదు. "టీవీ వెలుతురు కూడా పురుగుకు పగలేనా? ముందు అది తేల్చు" అన్నారు. గడువు పెంచారు. నా ప్రాజెక్టు పుస్తకంలో అవ్వ పేరు కూడా వేస్తారట: "వెలుతురు ఏర్పాటు, అమృతమ్మ."

ఒక నెల అవ్వ రోజూ పది దాకా కొత్త పురుగులతో కలిసి టీవీ చూడాలి. తర్వాతి నెల అదే గదిలో, అదే డబ్బాతో, టీవీ అసలు పెట్టకూడదు.

మొదటి నెలకు అవ్వ ఒప్పుకుంటుందని నాకు తెలుసు. రెండో నెల సంగతి, ఆమె అన్నం తిని మంచిగా ఉన్నప్పుడు నువ్వే మెల్లగా అడిగి, ఫిబ్రవరి అయిదులోపు జవాబు రాయించు.

నీ బిడ్డ,
తిరుమల