మిల్లు పుస్తకంలో పేరు

ఉమ్‌కోమాస్,
21 జనవరి 1995, శనివారం.

పూజ్యులైన బావగారికి,

మీ తమ్ముడి భార్య రీటా నమస్కారం చేసి రాస్తున్న ఉత్తరం. ముందుగా నా దస్తూరికీ, తప్పులకీ మన్నించండి. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. తర్వాత తెలుగు అక్షరం రాసింది గుడిలో అర్చన చీటీల మీద పేర్లు మాత్రమే. ఏ ఒత్తు ఎక్కడ ఇవ్వాలో సగం మర్చిపోయాను. మా తాత తెలుగు బడిలో మీరు వెనక బల్ల మీద కూర్చునేవారు. నేను ముందు నేల మీద పలకతో కూర్చునేదాన్ని. మీ పుస్తకం తెరిచి, బేసిల్ రాత చూడవే, నీ కోడిగీతలు చూడవే అని తాత నన్ను తిట్టేవాడు. ఆ కోడిగీతలే ఇవి. ఇంగ్లీషులో రాస్తే మీ తమ్ముడు చదువుతాడు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే, అందుకని తెలుగులో రాస్తున్నాను.

మా పెళ్ళినాడు మీరు హాలు గుమ్మం దాకా వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్ళిపోయారు. ఈ ఐదేళ్ళలో మీతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఇప్పుడు ఒకేసారి ఇంత ఉత్తరం రాయడం నాకే సిగ్గుగా ఉంది. మీ యూనియన్ ఆఫీసు అడ్రసు మిల్లులో పనిచేసే గ్లాడిస్ తెచ్చిన కరపత్రం అడుగున దొరికింది. డర్బన్‌లో గ్రే స్ట్రీట్ దగ్గరని ఉంది. మీరు, బెరిల్ అక్క అక్కడే అవోకాలో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అత్తమ్మకి చక్కెర జబ్బు వచ్చింది. చక్కెర మిల్లు పక్కన కాపురం పెట్టించి చక్కెర తినొద్దంటాడు దేవుడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. మా పాప లెషన్యాకి మూడేళ్ళు నిండాయి. పోయిన ఏప్రిల్‌లో అందరం మొదటిసారి ఓటు వేశాం. అత్తమ్మ పెళ్ళిచీర కట్టుకుంది. బడి గేటు దగ్గర లైనులో ఆరు గంటలు నిలబడింది, కుర్చీ ఇస్తే వద్దంది. మర్నాడు పొద్దున్న మిల్లు సైరన్ మోగితే లేచి కూర్చుని, దీని నోట మన్నుపడ, దీనికింకా కబురు అందలేదా అంది.

మామయ్య డిసెంబరులో రిటైరయ్యాడు. బాయిలర్ల దగ్గర ముప్పై తొమ్మిదేళ్ళు చేశాడు. మిల్లువాళ్ళు ఒక దుప్పటి, పాతిక కిలోల చక్కెర ఇచ్చారు. ఆ మూట చూసి అత్తమ్మ, ఇది తిని నన్ను తొందరగా పొమ్మన్నారా అంది. ఆ మూటతోపాటే ఒక కాగితం కూడా వచ్చింది. ఆ కాగితం గురించే ఈ ఉత్తరం.

మీకు తెలియనిది కాదు. ఈ ఇల్లు మిల్లుది. ఈ ఇంటి మనిషి పేరు ఒకటి మిల్లు పుస్తకంలో ఉన్నంతకాలం మనం ఇందులో ఉండొచ్చు. మీ తాతగారి పేరు కొట్టేసిన రోజునే మామయ్య పేరు రాశారట. అప్పుడు ఆయనకి ఇరవై ఒకటి. ఇప్పుడు మామయ్య పేరు కొట్టేశారు. జనవరి ముప్పై ఒకటిలోగా ఇంకో పేరు ఎక్కించాలి, లేకపోతే ఇల్లు ఖాళీ చేయాలి అని ఆ కాగితంలో ఉంది. ఇంకో పేరు అంటే మీ తమ్ముడి పేరే అని అందరం అనుకున్నాం.

అదే వారంలో డర్బన్ టెక్నికాన్ కాలేజీ నుంచి మీ తమ్ముడికి ఉత్తరం వచ్చింది. కరెంటు పని డిప్లొమాకి సీటు ఇచ్చారు. మీ తమ్ముడు ఊళ్ళో రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేస్తూనే మూడేళ్ళు పరీక్షలకి చదివాడు. ఆ ఉత్తరం నాకు చదివి వినిపించాడు, ఆ మొహం నేను మర్చిపోలేను. అంతా చదివి, మడిచి, భోజనాల బల్లకి ఊగే కాలు ఒకటుందే, దాని కింద పెట్టాడు. ఇప్పుడు ఊగదు చూడు అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మాట వచ్చింది. అత్తమ్మ మడుంబీ దుంపల కూర వడ్డిస్తూ, చదువు ఇంటికి పైకప్పవుతుందా అంది. మీ తమ్ముడు తల ఎత్తకుండా, సంతకం నేనే పెడతానని చెప్పాను కదమ్మా, ఇంక నన్ను అన్నం తిననీ అన్నాడు. సంతోషంగా పెట్టరా అంది అత్తమ్మ. సంతోషం కూడా వాళ్ళ పుస్తకంలో రాస్తారా అన్నాడు మీ తమ్ముడు. అత్తమ్మ గరిటె గిన్నెలో వేసేసి, వీడు కూడా బేసిల్‌లాగా మాట్లాడుతున్నాడు అని కళ్ళు తుడుచుకుంది. మామయ్య చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

అందరూ లేచాక నేను బల్ల కింద నుంచి ఆ ఉత్తరం తీశాను. పూరీలు చేసే పీట మీద పెట్టి ఇస్త్రీ చేశాను. మడతలు పూర్తిగా పోలేదు కానీ చదవడానికి వస్తుంది. ఇప్పుడు నా చీరల మధ్య ఉంది. బల్ల కాలు కింద సబ్బు అట్టపెట్టె ముక్క పెట్టాను.

బావగారిలాగా అంటే ఎలాగత్తమ్మా అని సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తూ అడిగాను. అప్పుడు చెప్పింది. పదేళ్ళ కిందట ఇలాంటి ఆదివారమే, మిమ్మల్ని మిల్లులో చేరమని మామయ్య అడిగితే మీరన్న మాటలు నాకు వరసగా చెప్పింది. అమ్మ రోజూ మూడింటికి లేచి వండేది నీకోసం కాదు నాన్నా, మిల్లు కోసం. నిన్ను మర్నాటికి మళ్ళీ నిలబెట్టి పంపేది అమ్మ, ఆ పనికి మిల్లు ఆమెకి ఏమీ ఇవ్వదు. నువ్వు ఫోర్‌మన్ మీద కోపం ఇంటికి తెచ్చి ఉప్పు చాలలేదని ఆమె మీద తీర్చుకుంటే అది కూడా మిల్లుకే లాభం. మమ్మల్ని కన్నది కూడా వాళ్ళకే. ఇల్లిచ్చింది అందుకే, మనల్ని చూసి జాలిపడి కాదు. ఇవీ మీరన్నవి. మామయ్య లేచి మిమ్మల్ని చెంప మీద కొట్టాడట. మీరు కంచంలో అన్నం అలాగే వదిలేసి సంచి తీసుకుని బస్సెక్కారట.

తర్వాత జరిగింది మీకు తెలియదనుకుంటాను. ఆ మర్నాడు అత్తమ్మ వంట చేయలేదు. మామయ్య పనికి అన్నం పట్టుకెళ్ళే స్కాఫ్‌టిన్ డబ్బా కడిగి, మూత తీసి, ఖాళీగా బల్ల మీద పెట్టిందట. మిల్లు కోసమైతే మిల్లునే వచ్చి వండుకోమను అందట. మూడు రోజులు మామయ్య కొట్లో రొట్టె, జామ్ కొనుక్కుని తిన్నాడట. బాయిలర్ల దగ్గరవాళ్ళు, ఏం యెల్లప్పా, నీ ఇంట్లో కూడా స్ట్రైకా అని ఏడిపించారట. ఇదంతా అత్తమ్మ నవ్వుతూనే చెప్పింది. నాలుగో రోజు డబ్బా మళ్ళీ ఎందుకు కట్టావత్తమ్మా అని అడిగాను. మనిషి చిక్కిపోతున్నాడే, మిల్లు చిక్కుతుందా అంది. అని, చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వు అప్పటికే పోయింది.

బావగారూ, అప్పటినుంచి మీ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. సైరన్ మగవాళ్ళ కోసం అంటారు గానీ, అది మోగేసరికి ఈ మిల్లు ఇళ్ళ లైనులో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు లేచి రెండు గంటలవుతుంది. మామయ్య ఓవరాల్స్ ఉతికితే మూడు నీళ్ళదాకా మడ్డి దిగుతూనే ఉండేది. ఆ పనికి సెలవు లేదు, రిటైర్మెంటు లేదు. లెషన్యా ఆట కూడా అదే. నోటితో సైరన్ కూస్తుంది, ఖాళీ గిన్నె తెచ్చి తాతకిస్తుంది, పోయిరా అంటుంది. మొన్నటిదాకా ముద్దొచ్చేది. ఇప్పుడు చూడలేకపోతున్నాను.

గ్లాడిస్‌తో ఒకసారి ఈ మాట అన్నాను. ఆమె మిల్లు సంచుల షెడ్డులో చేస్తుంది. మధ్యాహ్నం మా కంచె దగ్గర నీళ్ళు పట్టుకుంటుంది. ఆమె పిల్లలు ముగ్గురూ ఇక్సోపో అవతల కొండల్లో వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆమెకి మిల్లు హాస్టల్లో ఒక మంచం. ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని చూస్తుంది. ఆమె నవ్వి, మీకు ఇల్లిచ్చారు కాబట్టి మీ అబ్బాయిలు వాళ్ళకి దొరుకుతారు. మాకు ఇల్లివ్వలేదు, ఎందుకంటే మా అమ్మ ఊరికే పెంచి పంపిస్తుంది కదా. రెండూ ఒకటే లెక్క సిసీ అంది. నన్ను ఎప్పుడూ సిసీ అనే పిలుస్తుంది, చెల్లీ అన్నట్టు. ఆమె ఏ క్లాసుకీ వెళ్ళలేదు. మీరు చెప్పిందే చెప్పింది.

అయినా ఒక మాట రాస్తాను, కోపగించుకోవద్దు. మామయ్య ఓవరాల్స్ ఉతుకుతున్నప్పుడు నేను మిల్లుకి ఉతుకుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ చెమట మామయ్యది. మీరన్నది అబద్ధం కాదు. అత్తమ్మ నాలుగో రోజు డబ్బా కట్టినదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో చెప్పడానికి నా చదువు చాలదు. మీరు చదివిన పుస్తకాల్లో ఉంటే ఎప్పుడైనా నాకు చెప్పండి. అత్తమ్మకి మాత్రం ఇంకో రకంగా చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటి గురించి దిగులు పడకండి. గురువారం మామయ్య ఆఫీసుకి వెళ్ళి వచ్చి, ఇంకా కొన్నాళ్ళు గడువిచ్చారు అన్నాడు. అత్తమ్మ వెంటనే దీపం పెట్టింది. మీ తమ్ముడు నమ్మీ నమ్మనట్టు చూసి, అయితే కాలేజీకి వెళ్ళనా అని చిన్నపిల్లాడిలా అడిగాడు. వెళ్ళు అన్నాడు మామయ్య. ముప్పయ్యో తేదీ సోమవారం అక్కడ చేరాలి. రోజూ ఇక్కడినుంచి డర్బన్ వెళ్ళిరావడం కుదరదు. అవోకాలో మీ ఇంట్లో ఒక పరుపు వేయడానికి చోటుంటే శుక్రవారం దాకా మీ దగ్గర ఉండి, శనివారం ఇంటికి వస్తాడు. ఆ మాట అడగమంటే, పదేళ్ళు అన్న గుమ్మం తొక్కనివాణ్ణి, పరుపు పట్టుకుని వెళ్ళనా అంటాడు. మీరు వచ్చి పిలిస్తే కాదనలేడు. ఇరవై తొమ్మిది ఆదివారం రండి. బెరిల్ అక్కని కూడా తీసుకురండి. భోజనానికి ఉండండి. మామయ్య గుమ్మంలో ఉంటాడు. ముందు ఆయన పలకకపోతే మీరే పలకండి. మీ తమ్ముడికి మీరు పిలవడం తప్ప వేరే దారి లేదు. ఆ సోమవారం దాటితే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నేను అడగకూడనిది అడిగి ఉంటే చిన్నదాన్నని మన్నించండి. బెరిల్ అక్కకి నా నమస్కారాలు.

మీ మరదలు,
రీటా

తా.క. గడువిచ్చారని పైన రాశాను. అది అబద్ధం. మొదట మీకు కూడా అదే చెబుదామనుకున్నాను, కానీ కవరు అంటించబోతుంటే చెయ్యి రాలేదు. ఆఫీసువాళ్ళు ఒక్క రోజు కూడా గడువివ్వలేదు. మిల్లు పుస్తకంలో ఎక్కిన పేరు నాది.

యూనియన్ కొత్త ఒప్పందంలో కోడళ్ళ పేరు మీద కూడా ఇల్లు ఉంచుతారని గ్లాడిస్ చెప్పింది. ఆ కరపత్రం తెచ్చింది అందుకే. నేనే మామయ్యని అడిగాను. మూడో రోజు గడ్డం గీసుకుని, పద అన్నాడు. నేను గుడికని చెప్పి ఆయన వెంట వెళ్ళాను. ఫిబ్రవరి ఒకటి నుంచి గ్లాడిస్ ఉన్న షెడ్డులోనే నా పని. మీ తమ్ముడు కాలేజీలో చేరిపోయాక చెబుతాం. ముందే తెలిస్తే నా పేరు కొట్టించి తన పేరు రాయిస్తాడు. లెషన్యాని అత్తమ్మ చూసుకోవాలి, వంట కూడా ఆమే చేయాలి. ఆ బరువు మళ్ళీ ఆమె మీదే పడుతుందని నాకు తెలుసు.

ఆఫీసులో గోవిందసామి గుమాస్తా, ఏం యెల్లప్పా, కొడుకులు అయిపోయారని కోడల్ని తెచ్చావా అన్నాడు. ఫారం నింపుతూ, ఇదివరకు చేసిన పని అన్నచోట ఏమీ లేదని రాయబోయాడు. మామయ్య ఆ కాగితం మీద చెయ్యి పెట్టాడు. ఐదేళ్ళు చేసింది, రాయి అన్నాడు. ఎక్కడ అన్నాడు గుమాస్తా. మా ఇంట్లో, మీ మిల్లుకి అన్నాడు మామయ్య. గోవిందసామి పెద్దగా నవ్వాడు. మామయ్య నవ్వలేదు, చెయ్యీ తీయలేదు. చివరికి ఏం రాశాడో నాకు కనపడలేదు.

తిరిగి వస్తూ, ఆ మాట బావగారిది కదా మామయ్యా అన్నాను. ఇద్దరం చెరకుతోట దాటాం. తర్వాత, వాడు తప్పు చెప్పాడని కొట్టలేదమ్మా, వాళ్ళమ్మ ముందు చెప్పాడని కొట్టాను అన్నాడు.

ఇది మీకు రాయమని ఆయన అనలేదు. రాయొద్దనీ అనలేదు. అత్తమ్మ చెవిన మాత్రం పడకూడదు. చదవడం కాగానే ఈ కాగితాలు కాల్చేయండి.