బండి నూకే బడి

కొత్తవాడ,
సోమవారం

నా పెండ్లితో పాటు ఉత్తగ దొరికిన బామ్మర్ది కట్టయ్యకు, నీ బావ ఐలయ్య రాసేది ఏందంటే,

ఫోన్ ఉండంగ ఉత్తరమేందని స్టేషన్ ఘన్‌పూర్ల కూసోని నవ్వుతానవా? నవ్వకు. ఇది నా హోంవర్కు. బడికి పోయేది నా మనుమరాలు దీప్తి, హోంవర్కు మాత్రం నా నెత్తిన పడుతాంది. వాళ్ళకు ఇప్పుడు పోస్టాఫీసు పాఠమట. పాఠమంటే పుస్తకం తెరిచి చదువుడు కాదు. ఇంట్ల ఎవరన్న పెద్దమనిషిని పట్టుకొని ఉత్తరం రాయించాలె, పిల్లలే స్టాంపు అంటించి డబ్బాల ఎయ్యాలె, ఆ తర్వాత అది ఎట్ల పోతదో పోస్టాఫీసుకు పోయి చూడాలె. "బిడ్డా, నేను అయిదో తరగతిల బడి ఎగ్గొట్టిందే ఇసొంటి రాత పనులు తప్పించుకుందామని" అంటే ఇనదు. "తాతా, చేస్తెనే తెలుస్తది" అంటది. ఆ మాట వాళ్ళ బడిల మంచినీళ్ళల్ల కలిపి తాపుతరనుకుంట.

హసన్‌పర్తి దిక్కు ఉన్న ఈ బడిల కోడలు శ్రీలత ఏరికోరి ఏసింది. నేను పొద్దు మాపు నా పాత మోపెడ్ మీద తోలుకపోతాన, తోలుకొస్తాన. ఏం బడిరా అది! బెంచీలు లేవు, గంట లేదు. పంతులమ్మను టీచర్ అనరు, తిరుమలక్క అంటరు. ఒకరోజు దీప్తి బడి వెనక మడిల దిగి నాటేసొచ్చింది, బురద నా బండి సీటుకంటింది. ఇంకోరోజు భిన్నాలు నేర్చుకోవాలని మీ అక్క కాల్చిన సర్వపిండిని ముక్కలు ముక్కలు చేసి, "తాతా, ఎనిమిదిల ఒక వంతు నీది" అన్నది. బుక్కెడు సుత లేదు. నా ఇంట్ల నా సర్వపిండికి నాకు లెక్క!

ఆ పిల్లలు గంటసేపు కుదురుగ పుస్తకం పట్టుకున్నది నేను చూడలె. నా మోపెడ్ ఆగితే మాత్రం గేటుకాడ గుంపుగ ఉరికొస్తరు నూకనీకి. అది తప్ప వాళ్ళకు వచ్చిన విద్య నాకు కనబడలె.

ఇగ అసలు ముచ్చట. భానుచందర్ కూడ ఊగులాడుతాండు. "నాయినా, హన్మకొండల పెద్ద బడిల సీటు ఉంది, నెలాఖరుకు చెప్పాలె" అంటాండు, మళ్ళ పెండ్లాం మొఖం చూస్తాండు. నా కొడుకు నా మాట ఇనడు గాని, నువ్వు మేనమామవు, నీ మాట కొట్టెయ్యడు. వచ్చే ఐతారం కాదు, ఆపై ఐతారం రా. "పిల్లను ఆ బడిలకెళ్లి తీయుండ్రి" అని గట్టిగ చెప్పు. నేను చెప్పిన అని మాత్రం చెప్పకు. కోడలి తిట్లు నువ్వు తిను, మీ అక్క వండిన కోడికూర తిను, బస్సెక్కు.

ఫోన్ల చెప్తే శ్రీలతకు ఇనబడ్తది. ఉత్తరమైతే ఫికర్ లేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవొద్దని దీప్తి క్లాసోళ్ళే రూల్ పెట్టుకున్నరట. కాబట్టి తన బడి మాన్పించే ఉత్తరాన్ని ఆ పిల్లనే స్టాంపు అంటించి డబ్బాల ఎయ్యబోతాంది. చూసినవా నీ బావ తెలివి?

ఇట్లు,
అయిదో తరగతి దాంక మహా పండితుడు,
ఐలయ్య


కొత్తవాడ,
సోమవారం

నా ఎముకల్ల దూరి చూసే ఎక్స్‌రే మిషన్, కట్టయ్యకు,

నీ కార్డు అందింది. పోస్ట్‌మాన్ చేతుల నుంచి దీప్తి గుంజుకొని ముద్ర చూసి, తేదీ చూసి, "తాతా, మన ఉత్తరం పోయిందానికి జవాబొచ్చింది" అని వాడంత తిరిగింది. నువ్వు రాసింది మాత్రం చదవలె, రూల్ గదా. "బావా, బురదకు, సర్వపిండికి అలిగే మనిషివి కాదు నువ్వు. అసలు సంగతి రాయి" అన్నవ్. అన్ని తెలిసినోని తీరు మాట్లాడుతవ్, అందుకే నువ్వంటే నాకు చిరాకు.

రాస్తాన. మీ అక్కకు సుత చెప్పలె.

దీప్తి క్లాసుల ఫర్హానా అని ఒక పిల్ల ఉన్నది. మాట జర ఆగి ఆగి వస్తది ఆమెకు. "తా... తా... తాతా, సలాం" అనేసరికి నా చాయ్ చల్లారుతది. నా నోరు నీకు ఎరుకే గదా. ఎవరు కనబడ్డా ఒక పేరు పెట్టంది ఊకోదు. నిన్ను సద్దిమూట అన్న, మీ అక్కను కలెక్టరమ్మ అన్న, ఎవరేమన్నరు? ఆ పిల్లను "స్టార్ట్ కాని బండి" అన్న. అందరు నవ్విన్రు. ఆమె సుత నవ్వినట్టే ఉండె. దీప్తి నవ్వలె. "తాతా, అట్లనకు" అన్నది. నేను రోజు అన్న.

వాళ్ళ క్లాసుల ఒక డబ్బా ఉంటది. ఎవరికన్న ఎవరి మీదన్న బాధ ఉంటే చిట్టీ రాసి అండ్ల ఎయ్యాలె. గురువారం పొద్దుగాల అందరు గుండ్రంగ కూసుంటరు, చిట్టీలు తీస్తరు. నీకు మొదటి ఉత్తరం రాసే ముందటి శుక్రవారం గేటుకాడ తిరుమలక్క నన్ను ఆపింది.

"తాతా, వచ్చే గురువారం బడికి సెలవు, ఆపై గురువారం మీరు జర గుండ్రంల కూసోవాలె. మీ మీద చిట్టీ వచ్చింది."

"ఏందమ్మా, సమన్లా? పోలీసులు బేడీలు తెస్తరా?" అని నవ్విన.

"పేరు దాచమని లేదు, రాసినోళ్ళే చెప్పమన్నరు" అన్నది ఆమె, నెమ్మదిగ. "దీప్తి రాసింది."

కట్టయ్యా, నవ్వుకుంటనే బండెక్కిన గాని ఇంటికి పోయే తొవ్వ తప్పిన. నా పక్కల పండి, నా చెవి పట్టుకొని కథ చెప్పించుకునే పిల్ల. దాని జెరం నేను చూసిన, దాని మొదటి పన్ను ఊడితే నేను దాచిన. ఆ పిల్ల నా మీద కాయితం పెట్టింది. నలుగుట్ల నన్ను నిలబెడుతాంది. ఇంట్ల తాతను కోర్టుకీడ్చుడు నేర్పే బడి ఏం బడి? మనం చదివిన బడిల పంతులు కొడితే ఇంటికొచ్చి చెప్పుకోలేదు, వీళ్ళు ఇంట్లోళ్ళ ముచ్చట బడిల చెప్పుకుంటరా?

అందుకే అంటాన. నేను గురువారం పోను. బండి గేటుకాడ ఆపి, పిల్లను దించి వచ్చేస్త. నువ్వు ఐతారం రా, తీయించు. ఇంట్ల ఎవరితోని అనకు. నా మొఖం నాకే చూసుకోబుద్ధి కాట్లేదు.

ఇట్లు,
మనుమరాలి చిట్టీల ముద్దాయి,
ఐలయ్య


కొత్తవాడ,
గురువారం, మాపు

బామ్మర్దీ,

ఈసారి నీకు పేరు పెట్టుడు తోచలె, క్షమించు. పోను పోను అన్నోన్ని, పోయిన.

పొద్దుగాల గేటుకాడ దీప్తిని దించిన. అది లోపటికి పోలె. సంచి భుజానేసుకొని నిలబడ్డది.

"పోవే, లాయరమ్మా" అన్న.

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే కూసోవాలె తాతా."

"నువ్వెందుకు కూసునుడు? చిట్టీ రాసింది నువ్వాయె, మొఖం దాచుకునేది నేనాయె."

"ఎవరి మీద చిట్టీ వస్తే వాళ్ళు ఒక్కరే కూసోవద్దు, పక్కకు ఒకరుండాలె. రూల్. నీ పక్కకు నేను కూసుంటన్న."

చిట్టీ రాసింది అదే, నా పక్కకు కూసునేది అదే. ఇసొంటి రూలు ఏ సర్కారుకన్న తట్టిందా? నాకు కోపం ఆగలె, ఆ కోపం ఎవరి మీదనో సుత తెలువలె. దాని చెయ్యి పట్టుకొని లోపటికి పోయిన.

జంపఖానా మీద గుండ్రంగ కూసున్నం. మన కొత్తవాడ మగ్గాల మీద నేసిందే, నేను అంచు చూసి గుర్తుపట్టిన. నడుమ ఒక నున్నటి రాయి, చెరువు కాడినుంచి తెచ్చుకున్నరట. అది ఎవరి చేతుల ఉంటే వాళ్ళే మాట్లాడాలె, మిగిలినోళ్ళు నోరు మూసుకోవాలె. తిరుమలక్క సుత మూసుకున్నది. రాయి ఫర్హానా చేతికి పోయింది.

ఆమె నోరు తెరిచింది. మాట రాలె. కట్టయ్యా, నువ్వు నమ్మవు, ఒక్క పిల్ల కదల్లె. ఒకరు దగ్గలె, ఒకరు పక్క చూపు చూడలె. నా నోట్ల మాత్రం ఒక ముచ్చట లేచి పండ్ల దాంక వచ్చింది, ఇంత లోపల బస్సు ఘన్‌పూర్ పోయొస్తదమ్మా అని. దీప్తి నా చిటికెన వేలు పట్టుకొని ఒత్తింది. మింగిన. నా ఇన్నేండ్ల ఉమ్మర్ల నేను మింగిన మొదటి ముచ్చట అదే అనుకుంట.

అప్పుడు ఫర్హానా అన్నది, ఆగి ఆగి, నన్నే చూసుకుంట:

"తాతా... నీ బండి... రోజు... స్టార్ట్ కాదు. మేము... నవ్వినమా? ... నూకినం."

అంతే. రాయి నా చేతుల పెట్టింది.

బామ్మర్దీ, ఊరంతటికి పేర్లు పెట్టినోన్ని, పంచాయితీల సర్పంచి నోరు మూయిచ్చినోన్ని, ఆ రాయి పట్టుకుంటే నా నోట్లకెళ్లి ఒక్క మాట రాలె. రాయిని ఈ చేతికెళ్లి ఆ చేతికి మార్చిన. వాళ్ళు సూస్తాన్రు. నవ్వుతరేమో అనుకున్న. ఎవ్వరు నవ్వలె. ఆమె కోసం ఎట్ల ఆగిన్రో నాకోసం గట్లనే ఆగిన్రు. ఎంతసేపో నాకు తెలువది. ఎనకకెళ్లి ఒక పిలగాడు మెల్లగ, "ఫికర్ చెయ్యకు తాతా, టైం తీసుకో" అన్నడు. రాయి చేతుల లేకుంట మాట్లాడినందుకు వాన్ని అందరు గుర్రుగ చూసిన్రు.

చివరకు, "తప్పైంది బిడ్డా. ఇగ అనను" అన్న. నాకు అంతే వచ్చింది.

"తాతకు ఏం శిక్ష ఎయ్యాలె?" అని తిరుమలక్క అడిగితే ఫర్హానా ఆలోచించి, రోజు పొద్దుగాల సలాం చెప్తానంటది, పూర్తయ్యేదాంక తాత బండి దిగి నిలబడాలెనట. గదే శిక్ష. మెత్తటి శిక్షే, గాని నీ బావకు నిలబడుడు ఎంత కష్టమో నీకెరుక.

బయటికొచ్చి కిక్కు కొడితే బండి స్టార్ట్ కాలె. మళ్ళొకసారి కొట్టిన, కాలె. తిట్టిన. ఎనకకెళ్లి నవ్వినట్టు ఇనబడ్డది. ఫర్హానా నిలబడ్డది, కండ్లల్ల కొంటెతనం. "తాతా... జర... దానికి... టైమియ్యి" అన్నది. నన్నే ఎక్కిరిచ్చింది, నా ముందటనే! అందరు కలిసి నూకిన్రు. దీప్తి అందరికంటె గట్టిగ నూకింది.

ఈ ఉత్తరం ఐతారం లోపల అందుతదో లేదో. అందకుంటే, తలుపు కాడనే నిన్ను ఆపి నోట్ల సర్వపిండి కుక్కుత. అందితే మాత్రం వచ్చి అందరి ముందట కూసోని చెప్పు: దీప్తి ఆ బడిలనే చదువుతది. భాను మొఖం చిన్నగ చేసుకుంటే చేసుకోని. ఈ బురద, ఈ ఉత్తరాలు, ఈ ఎనిమిదిల ఒక వంతు, ఇదంత నాకు పరేషానే, రేపు సుత తిట్టుకుంట. గాని బిడ్డ అక్కడనే ఉంటది.

ఈసారి నేను చెప్పిన అనే చెప్పు.

ఇట్లు,
నూకితే తప్ప నడువని నీ బావ,
ఐలయ్య