పాప ముక్కుతో వంట

ఖిదిర్‌పూర్, కలకత్తా
ఆదివారం రాత్రి

అక్కకి,

నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి బీపీ మాత్రలు మార్చారన్నావు, కొత్తవి పడుతున్నాయా? ఇక్కడ నేనూ పాప హారికా బాగున్నాం. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక కూడా ఆ మాట నమ్ము. బాగానే ఉన్నాం.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోను చేస్తే పాప పక్కనే కూర్చుంటుంది. అది పడుకున్నాక చేస్తే, ఈ వేళప్పుడు ఎందుకు చేశాడా అని నువ్వు భయపడతావు. అందుకని రాస్తున్నాను.

పోయినసారి రెండు మాటలన్నావు. పిల్లకి పప్పన్నం పెట్టకుండా ఆ పరాయి దేశపు వంటలేమిటని ఒకటి. బడికి సెలవులివ్వగానే దాన్ని విజయనగరం పంపెయ్యమని రెండోది. వాళ్లమ్మ పోయాక నేను ఓడల మీద ఉన్నన్నాళ్లూ దాన్ని పెంచింది నువ్వు. అడిగే హక్కు నీకుంది. రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

పని ఫర్వాలేదు. గార్డెన్ రీచ్‌లో ఓడలు బాగుచేసే చిన్న వర్క్‌షాపు. అవే ఇంజన్లు, అదే గ్రీజు. కాకపోతే సాయంత్రం ఆటో ఎక్కితే ఇల్లు వస్తుంది. దానికోసమే సముద్రం మానేశాను. చలి మన దగ్గరకన్నా ఎక్కువ. పొద్దున్నే నది మీంచి మంచు దిగుతుంది. పాపకి స్వెట్టరు కొన్నాను, నువ్వు అల్లిన టోపీ రంగుదే. పక్క వాటాలో అప్పలకొండమ్మగారని ఉన్నారు. వాళ్ల మామగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి కార్పొరేషను పనికి వచ్చారట. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. మనవల్ని మాత్రం బెంగాలీలో తిడతారు. పాప ఆవిణ్ణి దిదా అంటుంది. ఇక్కడ అమ్మమ్మని అలాగే పిలుస్తారు.

ఇక వంట సంగతి. నా ముక్కు ఇంకా అలాగే ఉంది. ఆ కరోనా జ్వరం మా ఇద్దరికీ వచ్చింది. సుజాతని తీసుకుపోయింది. నా దగ్గర వాసన తీసుకుపోయింది. ఇక రాదని ఇక్కడి డాక్టరు కూడా అన్నారు.

మన వంట ముక్కుతో చేసేది అక్కా. కందిపప్పు ఎంత వేగిందో, చారు పొయ్యి మీంచి ఎప్పుడు దించాలో సుజాత వెనక్కి తిరక్కుండానే చెప్పేది. ఇక్కడికి వచ్చిన కొత్తలో పప్పు చేశాను. పాప రెండు ముద్దలు తిని, బాగుంది నాన్నా అని, కంచం పక్కకి జరిపింది. ఆ మాట మళ్లీ వినదలుచుకోలేదు.

ఓడ మీద నేర్చినవి అలా కాదు. చాలాకాలం మా వంటవాడు పెరూ మనిషి. డ్యూటీ దిగాక అతని దగ్గర ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. అతను కంటితో, చెవితో వండేవాడు. మాంసం ముక్కలు, ఉల్లిపాయ, టమాటా పెద్ద మంట మీద ఎగరేసి, సోయా సాసు పోసి, వేయించిన బంగాళాదుంపలు కలిపేవాడు. చప్పుడు మారితే దించెయ్యడమే. స్పెయిన్ వాళ్ల బంగాళాదుంపల అట్టు నేర్పాడు. ఇటలీ వాళ్ల రిసొట్టో నేర్పాడు. పేరు చూసి కంగారుపడకు. వేగిన ఉల్లిపాయలో బియ్యం వేసి, కూరగాయలు ఉడికించిన నీళ్లు వేడివేడిగా గరిటెడు గరిటెడు పోస్తూ కలపడం. ముద్దన్నం కంటే జారుగా వస్తుంది. ఇక్కడ పాయసానికి వాడే గోవిందభోగ్ బియ్యం దానికి బాగా కుదిరింది. ఇవేవీ వాళ్లమ్మ ఎప్పుడూ చేయలేదు. అందుకని పాప దేనితోనూ పోల్చదు. తింటుంది.

అయినా ముక్కు లేకుండా ఏ వంటా సాగదు. ఆ పని పాపది. స్టూలు మీద కూర్చుని, వెల్లుల్లి అయింది, అది మాడుతోంది, ఈ పాలు వద్దు అని చెబుతుంది. బజారులో భేట్కీ చేప మొప్పలెత్తి వాసన చూస్తే, ఈ దీదీ రోజూ వస్తే నేను కొట్టు మూసుకోవాలి దాదా అని చేపలాయన నవ్వుతాడు. పడుకునే ముందు వంటింట్లోకి వెళ్లి గాలి పీల్చి వచ్చి, గ్యాసు లేదు అంటుంది. దాన్ని ఆటగానే చూశాను. ఓడల్లో గ్యాసు పసిగట్టే యంత్రాలుంటాయి. వాటిని పరీక్షించడం నా పనే. ఇంట్లో ఒకటి పెట్టాలని మాత్రం తట్టలేదు. పాప ఉందిగా అనుకున్నాను.

పోయిన వారం పాపకి పడిశం పట్టింది.

సుజాత ఇంగువ డబ్బా నీకు గుర్తుండాలి. పసుప్పచ్చ రేకుది, మూత సొట్టపోయింది. ఇక్కడికి తెచ్చాను. ఖాళీదే. కడగలేదు. పాప దాన్ని పుస్తకాల పక్కన పెట్టుకుంది. అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తుంది.

ఆ సాయంత్రం రిసొట్టో చేస్తున్నాను. ఒక పొయ్యి మీద బియ్యం, రెండో దాని మీద కూరగాయల నీళ్లు. పాప డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, దీంట్లో వాసన అయిపోయింది."

పడిశం కదమ్మా, తగ్గితే వస్తుందన్నాను.

"నీకు రాలేదుగా."

నేనేదో అనబోయాను. అది ఆగలేదు.

"అమ్మకి కూడా ముందు పడిశమే వచ్చిందా?"

బియ్యం పొయ్యి కట్టేసి దాన్ని లోపలికి తీసుకెళ్లాను. థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. మళ్లీ పెట్టాను. లేదు. దుప్పటి కప్పి, నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆ చెయ్యి తియ్యలేకపోయాను. ఎంతసేపో తెలియదు.

వంటింట్లోకి వచ్చేసరికి రెండు పొయ్యిలూ ఆరి ఉన్నాయి. రెండూ నేనే కట్టేశాననుకున్నాను. రెండోది నేను కట్టలేదు. నీళ్లు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు వస్తూనే ఉంది. బియ్యం కింద మళ్లీ వెలిగిద్దామని లైటరు తీశాను. తలుపు దబదబ బాదారు.

"బాబూ, అగ్గెట్టకు. గేసు. అగ్గెట్టకు."

తలుపు తీశాను. అప్పలకొండమ్మగారు నన్ను తోసుకుంటూ వచ్చి, సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, మా ఇద్దర్నీ వరండాలోకి లాగారు. అప్పుడు తిట్టారు.

"ఏటి బాబూ, ఈదంతా కంపు కొడతంటే లోపలున్నోలికి తెలీనేదా? నీకు ముక్కుందా, నేదా?"

"లేదు దిదా," అంది పాప. "నాన్నకి లేదు. ఇవాళ నాకూ లేదు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. పాపని ఒళ్లోకి లాక్కున్నారు.

"అయితే నా ముక్కు వోడుకోండి. ముసిల్దాన్నయినా అది బాగానే పన్జేస్తంది."

లైటరు నొక్కి ఉంటే ఈ ఉత్తరం నీకు ఇంకెవరో రాసేవారు.

మర్నాడే యంత్రం తెచ్చి గోడకి బిగించాను. కరెంటు పొయ్యి చెప్పాను, రెండు రోజుల్లో వస్తుంది. అయినా మళ్లీ పొయ్యి ముట్టుకోలేదు. తెల్లవార్లూ లేచి ఆ యంత్రం మీది పచ్చదీపం చూసి వస్తున్నాను. ఈ వారం మాకు అన్నం అప్పలకొండమ్మగారింటి నుంచే వచ్చింది. ఆవిరి కూడా ఆవిడే పట్టించారు. పాప ముక్కు కారడం తగ్గింది, దగ్గు తగ్గింది. వాసన రాలేదు. డబ్బా తెరిచి చూడమన్నాను. వద్దు నాన్నా, ఉండనీ అంది. దిండు పక్కన మూత పెట్టి ఉంచుకుంది. అది ఎందుకు తెరవడం లేదో నాకు తెలుసు.

నిన్న తనే అడిగింది, నిప్పు అక్కర్లేని వంట ఒకటుందన్నావుగా అని. సెవిచే అని పెరూ వాళ్లది. పచ్చి చేపని నిమ్మరసంలో, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో నానబెడితే ముక్క తెల్లబడుతుంది. చేప తాజాదో కాదో చెప్పేవాళ్లు లేక కొననన్నాను. పాప వెళ్లి దిదాని పట్టుకొచ్చింది. ఈ పొద్దున ఆవిడ మాతో బజారుకి వచ్చి, మొప్పలెత్తి వాసన చూసి, మొదటి చేప వద్దని రెండోది తీయించారు. సంగతి తెలిశాక, పచ్చిసేప తింతారేటి, పిల్లులేటి మీరు అన్నారు. నాకూ ధైర్యం చాలలేదు. కెటిల్లో నీళ్లు కాచి ముక్కల మీద పోశాను. పెరూ అతను చూస్తే నన్ను ఓడలోంచి తోసేవాడు.

ఇక్కడ గంధరాజ్ అని ఒక నిమ్మకాయ ఉంది. కోస్తే వాసన పక్కింటికి తెలుస్తుందంటారు. నాకు తెలియదు. కోశాను.

పాప తలెత్తింది. లేచి లోపలికి వెళ్లింది. మూత తీసిన చప్పుడు వినిపించింది. కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

గుమ్మంలోకి వచ్చింది.

"ఉంది నాన్నా."

చేప అంతా తింది. ఇప్పుడు పడుకుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అక్కా, పంపను అని చెప్పే ధైర్యం నాకు లేదు. పంపుతాను అని రాయడానికీ చెయ్యి రావడం లేదు. నువ్వు రా. కొన్నాళ్లుండు. నేను వండింది తిను, వంటింటి గుమ్మంలో నిలబడి చూడు. చూశాక కూడా తీసుకెళ్తానంటే అడ్డు చెప్పను. టికెట్టు నేను తీస్తాను.

వచ్చేటప్పుడు కాస్త ఇంగువ పట్టుకురా. పాప మొదటిసారి చారు అడిగింది. తను వాసన చూసి చెబుతుందట, నేను దించాలట. ఇంగువ మాత్రం వేరే డబ్బాలో పోసి తే. ఆ డబ్బాలో ఏమీ పొయ్యం.

బావగారికి నా నమస్కారాలు. నీ దీవెన ముందు పాపకి, మిగిలితే నాకు.

నీ తమ్ముడు
రమణ