మొద్దుబారిన పాదం, మిల్లుబియ్యం

శ్రావణ శుద్ధ పంచమి, కామారెడ్డి.

పొద్దున తుమ్మముల్లు దిగి పాదం నుండి నెత్తురు కారుతున్నా నాకు తెలియలేదు. నా భార్య లచ్చవ్వ చూసి కేక వేసింది.

దవాఖానలో డాక్టరు నా తిండి గురించి అడిగాడు. రాత్రిబడి పరీక్షలో ఉత్తీర్ణుడనైన నాటినుండి ఇంట్లో జొన్నరవ్వతో కాచే గటక చదువుకున్నవాడికి తగదని మాన్పించి, తెల్లని మిల్లుబియ్యమే వండించి గంజి వార్పిస్తున్నానని సగర్వంగా చెప్పాను.

"గందుకే కాళ్లు మొద్దుబారినయి. తవుడు లేని బియ్యం, గంజిల బలం గూడ వార్చి గిట్లనే తింటే గుండెకు తగులుతది" అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే లచ్చవ్వ తలవంచుకుంది. "గంజి తాగే బర్రె మంచిగున్నది. చాటుకు గటక తినే నేను మంచిగున్న. మీకే గిట్లాయె."

ఇప్పుడు పాదం గట్టిగా గిల్లుకున్నాను, నొప్పి లేదు. నాకూ గటక పెట్టమని అడగాలి. ఆ ఒక్క మాటకు నోరు పెగలడం లేదు.